సైకిలు మీద దూరం పోయేవారు, గుట్టలెక్కేవారు – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు సైకిలు కొత్త కాదు. రెండువైపులా పాలక్యాన్లు కట్టుకొని తెల్లవారకముందే ఊరినుంచి పట్నం వచ్చేవారిని, గోదావరిఖనిలో షిఫ్టు డ్యూటీకి సైకిలు మీద పోయిన బొగ్గుబాయి కార్మికులను మనమంతా చూసినవాళ్ళమే. వారికి అది బతుకుతెరువు. ఇప్పుడు మరో రకం సైకిలు ప్రయాణం మొదలైంది. గేర్ల సైకిళ్ళు కొనుక్కొని, ఆదివారం పొద్దున నలుగురు కూడి వేములవాడకో కొండగట్టుకో పోయి వస్తున్నారు. వారిలో కాలేజీ పిల్లలున్నారు. బీపీ, షుగరు వచ్చిందని డాక్టరుగారు వ్యాయామం చేయమంటే సైకిలు కొన్న నలభై, యాభై ఏళ్ళవారూ ఉన్నారు.

వార్డులో రోగి పక్కన కూర్చున్న ఆడవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సిస్టరమ్మా, మా ఆయన సైకిలు మీద కొండగట్టు పోతనంటున్నడు. పంపాల్నా, వద్దా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము. మనిషిని బట్టి, దారిని బట్టి, నెలను బట్టి జవాబు మారుతుంది. ఆ మూడూ ఎలా చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు మనిషిని చూడండి

సైకిలు మంచి వ్యాయామమే. నడకలో, పరుగులో మోకాలి మీద పడేంత బరువు ఇందులో పడదు. గుండెకు, ఊపిరితిత్తులకు పని దొరుకుతుంది. షుగరు అదుపులో ఉండడానికి సాయపడుతుంది. కానీ చదునైన రోడ్డు మీద అరగంట తొక్కడం వేరు, గుట్ట ఎక్కడం వేరు. గుట్ట ఎక్కేటప్పుడు గుండె కొట్టుకునే వేగం కొద్ది నిమిషాల్లోనే బాగా పెరుగుతుంది. గుండె రక్తనాళాల్లో పూడిక ఉండి, ఇంతవరకూ బయటపడని మనిషికి అది మొదటిసారి బయటపడే చోటు గుట్ట మధ్యలో కావచ్చు.

కాబట్టి నలభై దాటినవారు, బీడీ సిగరెట్ తాగేవారు, బీపీ షుగరు ఉన్నవారు, తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు దూరప్రయాణం మొదలుపెట్టేముందు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. బీపీ, షుగరు, ఈసీజీ చూస్తారు. అవసరమైతే డాక్టరుగారు ట్రెడ్‌మిల్ పరీక్ష రాస్తారు. గుండెకు స్టెంటు వేసినవారు, బైపాస్ అయినవారు తమ గుండె డాక్టరుగారు ఒప్పుకొనేదాకా చదును రోడ్డు దాటి పోవద్దు. మూర్ఛ ఉన్నవారు సైకిలు ఎక్కవచ్చో లేదో తమను చూసే డాక్టరుగారినే అడగాలి.

మరో మాట. జ్వరం తగ్గిన వారానికే సైకిలు ఎక్కి, సగం దారిలో కళ్ళు తిరిగి పడినవారిని చూస్తుంటాం. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాల తరువాత ఒంట్లో శక్తి చేరడానికి వారాలు పడుతుంది. జ్వరం పోయినా ఆయాసం, గుండెదడ ఉంటే పరీక్ష చేయించుకున్నాకే ఎక్కాలి.

ఒంటికి అలవాటు కూడా మెల్లగా చేయాలి. ఈ వారం మొత్తం 50 కిలోమీటర్లు తొక్కినవారు వచ్చే వారం 55 తొక్కవచ్చు. ఒక్కసారే 100 తొక్కితే మోకాళ్ళు, నడుము పట్టుకుంటాయి. సీటు ఎత్తు సరిచూడండి. సీటు మీద కూర్చొని, పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తుంది. మా దగ్గరకు "కీళ్ళనొప్పులు" అని వచ్చే కొందరు సైకిలువారికి మందు కన్నా ముందు ఒక పానా చాలు!

దారి ఎలా ఎంచుకోవాలి

కరీంనగర్‌లో ఉండేవారికి మొదటి నెల దిగువ మానేరు డ్యాం పరిసరాలు చాలు. 2023లో తెరిచిన తీగల వంతెన వైపు పోయి వచ్చినా సరిపోతుంది. ఇల్లు దగ్గర, ఆసుపత్రి దగ్గర, పంక్చర్ షాపు దగ్గర.

ఆ తరువాత ఎల్గందల్. సిరిసిల్ల రోడ్డు మీద, పట్నానికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉంటుంది. కరీంనగర్ జిల్లా కేంద్రం కాకముందు ఆ హోదా ఎల్గందల్‌దే. కోట గుట్ట మీద ఉంది కనుక సైకిలు కింద పెట్టి నడిచి ఎక్కాలి. కొత్తగా మొదలుపెట్టినవారికి ఇది మంచి పరీక్ష. అంతదూరం తొక్కి, మెట్లెక్కి దిగి, తిరిగి తొక్కి ఇంటికి వచ్చాక మరునాడు మామూలుగా పనిచేసుకోగలిగితే ఇంకొంచెం దూరం పోవచ్చన్నమాట.

వేములవాడ పడమటి వైపు సుమారు 35 కిలోమీటర్లు. రానూపోనూ 70. సోమవారాలు, శివరాత్రి రోజుల్లో బస్సులు, కార్లు, ఆటోలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి సైకిలుకు ఆ రోజులు వద్దు. ఇక్కడ గాలి సంగతి ఒకటి గుర్తుంచుకోండి. జూన్, జూలై నెలల్లో మనకు పడమటి గాలి గట్టిగా వీస్తుంది. వేములవాడ పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. ఇది మంచిదే. ఒంట్లో బలం ఉన్నప్పుడు ఎదురుగాలి, అలసిపోయాక వెనకగాలి ఉండేలా దారి ఎంచుకోవాలి. తూర్పుకు పోయి సాయంత్రం ఎదురుగాలిలో తిరిగి వచ్చేవారికి అదే దూరం ఒకటిన్నర రెట్లు అనిపిస్తుంది.

కొండగట్టు జగిత్యాల రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు. కొత్తపల్లి, గంగాధర మీదుగా పోవాలి. ఇంతవరకు చెప్పిన దారుల్లో నిజమైన గుట్ట ఇదే. మంగళ, శనివారాల్లో, హనుమాన్ జయంతి రోజుల్లో రద్దీ విపరీతంగా ఉంటుంది. కొండగట్టు ఘాట్ రోడ్డు పేరు చెప్పగానే మన ప్రాంతంలో అందరికీ 2018 సెప్టెంబరు 11 గుర్తుకొస్తుంది. గుట్ట దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన రోజు అది. ఈ పుస్తకం చదివేవారిలో ఆనాడు అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు కూడా ఉండవచ్చు. గుట్ట ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ అన్న మాటను సైకిలువారు కూడా పట్టించుకోవాలి. దాని గురించి కింద వివరంగా రాస్తున్నాం.

బాగా అలవాటైనవారికి ఒక పెద్ద చుట్టు ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటి లక్షెట్టిపేట, మంచిర్యాల, మళ్ళీ గోదావరి దాటి గోదావరిఖని, పెద్దపల్లి, తిరిగి కరీంనగర్. అన్నీ కలిపితే 200 కిలోమీటర్ల పైచిలుకు. గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు లారీలు ఎక్కువ. అక్కడ చీకటి పడకుండా చూసుకోవాలి.

ఆదిలాబాద్ వైపు దారులు అందమైనవి, కష్టమైనవి కూడా. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ సుమారు 80 కిలోమీటర్లు. నిర్మల్ దాటాక పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ వస్తుంది. మలుపులు మలుపులుగా ఎక్కుడు. వర్షాకాలం చివర అడవి పచ్చగా ఉంటుంది, రోడ్డు మాత్రం జారుడుగా ఉంటుంది. నేరడిగొండ నుంచి పక్కకు తిరిగితే పన్నెండు కిలోమీటర్ల దూరంలో కుంటాల జలపాతం. అక్కడి రాళ్ళ మీద జారి ఎముకలు విరిగినవారు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. అలసిన కాళ్ళతో నీళ్ళలోకి దిగవద్దని మీ పిల్లలకు గట్టిగా చెప్పండి. ఉట్నూరు నుంచి కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ పోయే ఘాట్ దారి ఇంకా నిర్మానుష్యం. కొమురం భీం పోరాడిన జోడేఘాట్ ఆ కెరమెరి కొండల్లోనే ఉంది. ఈ దారుల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, దుకాణాలు దూరం దూరం. ఒంటరిగా వెళ్ళవద్దు. జన్నారం వైపు కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. పొద్దుగూకేలోగా అడవి దాటి ఊళ్ళోకి చేరేటట్టు లెక్క వేసుకోవాలి.

సమయం లెక్క వేసే పద్ధతి

చాలామంది కిలోమీటర్లు చూసి బయలుదేరుతారు. గంటలు చూసి బయలుదేరాలి. ఒక లెక్క వేసి చూపిస్తాను.

కొత్తవారు చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లు తొక్కగలరు. కొండగట్టుకు 35 కిలోమీటర్లంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. గంటకోసారి పది నిమిషాలు ఆగాలి, అంటే మరో ఇరవై నిమిషాలు. గుట్ట ఎక్కడానికి అరగంట వేరే. మొత్తం మూడు గంటల పది నిమిషాలు. డిసెంబరులో ఆరున్నర దాటాక గానీ పొద్దు పొడవదు. ఆరున్నరకు బయలుదేరినవారు తొమ్మిది నలభైకి పైకి చేరతారు. గంటసేపు కూర్చొని, తిని, దిగి వస్తే ఒకటిన్నర లోపు ఇంట్లో ఉంటారు. చలికాలం కనుక ఇబ్బంది లేదు.

అదే లెక్క ఏప్రిల్ నెలకు వేయండి. చీకట్లో అయిదు గంటలకు బయలుదేరినా, తిరిగి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఆ వేళకు మన దగ్గర ఎండ నలభై డిగ్రీలకు చేరువవుతుంది. మే నెల, రోహిణి కార్తె సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఎల్గందల్ దాటి పోవద్దన్నది నా సలహా. పొద్దున ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి.

ఎత్తు లెక్క కూడా ఉంది. రోడ్డు వంద మీటర్ల దూరంలో అయిదు మీటర్లు పైకి లేస్తే దాన్ని అయిదు శాతం ఎక్కుడు అంటారు. చూడడానికి చిన్నదే, తొక్కేవారికి తెలుస్తుంది. పది శాతమైతే కొత్తవారు దిగి తోసుకుంటూ పోవడమే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు. మామూలు మనిషికి ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు అదనంగా కలుపుకోవాలి. ఫోన్లలోని కొన్ని మ్యాపుల్లో దారి ఎత్తుపల్లాలు గీతగా కనిపిస్తాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలు చూసి చెప్పగలరు.

దూర సైకిలు పోటీలవారి లెక్క కూడా తెలుసుకోండి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా ఆధ్వర్యంలో జరిగే ప్రయాణాల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. తిండికి, నీళ్ళకు, పంక్చరుకు ఆగిన సమయం కూడా అందులోదే. అంటే గంటకు సగటున 15 కిలోమీటర్లు. ఇది ఒకరిని మించి ఒకరు ఉరికే పందెం కాదు, గడువులోగా క్షేమంగా చేరితే చాలు. ఫ్రాన్సులో 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇలాంటి వాటిలో పేరుమోసింది. సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. అంతటి అనుభవం ఉన్నవారు కూడా హెల్మెట్, ముందు వెనక లైట్లు, మెరిసే జాకెట్ లేకుండా రాత్రి రోడ్డెక్కరు. మనవారు "ఊరిదాకే కదా" అని లైటు లేకుండా పోతారు.

గుట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

గేర్లున్న సైకిలయితే గుట్ట మొదలు కాకముందే తేలిక గేరుకు మార్చుకోవాలి. బరువు పడ్డాక మారిస్తే చైను ఊడుతుంది. కూర్చొని, చిన్న చిన్నగా, ఎక్కువ తిప్పులతో తొక్కాలి. పక్కవారితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే గుండె తట్టుకుంటున్నట్టు. రెండు మాటలకే దమ్ము అందకపోతే వేగం తగ్గించాలి.

ఛాతీలో బరువు, నొప్పి, అది ఎడమచేతికి గానీ దవడకు గానీ వీపుకు గానీ పాకడం, చల్లచెమట, కళ్ళు చీకట్లు కమ్మడం, ఎప్పుడూ లేనంత ఆయాసం. వీటిలో ఏది వచ్చినా వెంటనే దిగి కూర్చోవాలి. "గ్యాస్ కావచ్చు, సోడా తాగితే పోతుంది" అని గుట్ట పైదాకా ఎక్కవద్దు. 108కు ఫోన్ చేయండి. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే రావచ్చు. కాసేపటికి తగ్గినా సరే, సైకిలు మీద తిరిగి రాకుండా నేరుగా ఆసుపత్రికి రావాలి. తగ్గింది కదా అని ఇంటికి పోయి పడుకున్నవారిని ఆ రాత్రే తీసుకొచ్చిన సందర్భాలు మాకు తెలుసు.

దిగేటప్పుడు కాళ్ళకు పని ఉండదు, అందుకే మనసు తేలికైపోతుంది. ఇంటినుంచి బయలుదేరేముందే బ్రేకు రబ్బర్లు అరిగాయేమో చూడాలి. మలుపులోకి వెళ్ళాక గట్టిగా బ్రేకు పడితే చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. ముందు బ్రేకు ఒక్కటే పట్టి ఎగిరిపడినవారి మణికట్టు, భుజం ఎముకలు విరుగుతాయి. రెండూ కలిపి పట్టండి, ఒంటిని కొంచెం వెనక్కు జరపండి. వానలో పాతరకం ఇనుప రిమ్ముల సైకిళ్ళకు బ్రేకు సగం కూడా పట్టదు. అలాంటి సైకిలుతో తడిరోడ్డు మీద ఘాట్ దిగవద్దు, నడిపించుకుంటూ రండి. ఎడమ అంచునే ఉండాలి. బస్సు, లారీ వెనక వస్తుంటే ఆగి దారి ఇవ్వాలి.

ఆదిలాబాద్ జిల్లాలో డిసెంబరు, జనవరి పొద్దుటిపూట పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. గుట్ట ఎక్కి చెమట పట్టిన ఒంటితో దిగితే చలి ఎముకల్లోకి పోతుంది. సైకిలువారి పాత చిట్కా ఒకటి: చొక్కా లోపల ఛాతీ మీద ఒక న్యూస్‌పేపర్ పెట్టుకుంటే గాలి తగలదు. ఆస్తమా ఉన్నవారు చలిగాలిలో ఇన్‌హేలర్ జేబులో లేకుండా కదలవద్దు.

ఆడపిల్లలు చున్నీని, చీరకొంగును నడుముకు గట్టిగా కట్టుకోవాలి. చక్రంలో చిక్కి మెడకు బిగిసిన కేసులు రాకూడదు.

ఎండ, నీళ్ళు, తిండి

గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు కావాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకు ఒకసారి రెండు గుక్కలు తాగాలి. అలాగని గంటల తరబడి వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగినా ప్రమాదమే. చెమటతో ఉప్పు పోతుంది, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్స్ కూడా రావచ్చు. రెండు గంటలు దాటిన ప్రయాణానికి ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉండాలి. లీటరు నీళ్ళకు కలిపే పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరులోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గోరుతో సమం చేసి కలపండి. ఉప్పు వేసిన చల్ల కూడా మంచిదే. బీపీ ఉన్నవారు ఉప్పు ఎంత తీసుకోవచ్చో డాక్టరుగారిని ముందే అడగండి.

తిండికి ఖరీదైన పొడులు అక్కరలేదు. బయలుదేరే గంటన్నర ముందు జొన్నరొట్టెనో ఇడ్లీనో తినాలి. దారిలో గంటకు ఒకటి రెండు అరటిపండ్లు, పల్లీపట్టీలు చాలు. సంక్రాంతి రోజుల్లో సకినాలు మూట కట్టుకొని పోయేవారున్నారు. రుచికి సరే గానీ, నూనె వంట తొక్కేటప్పుడు అరగదు. అవి గుట్ట దిగాక తినండి.

ఎండదెబ్బను ఎలా గుర్తుపట్టాలి? మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, తూలడం, ఒళ్ళు కాలిపోవడం. చెమట పడుతూ కూడా ఎండదెబ్బ తగలవచ్చు, కాబట్టి చెమట ఉంది కదా అని ధైర్యపడవద్దు. జ్వరం 104 డిగ్రీలు దాటితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. బోరు దగ్గరుంటే బోరు కిందే కూర్చోబెట్టండి. 108 వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి. ఇక్కడ పది నిమిషాలు ఆలస్యమైతే తరువాత ఐసీయూలో పది రోజులు కూడా దాన్ని సరిచేయలేకపోవచ్చు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడికి పనిచేయదు.

షుగరు, బీపీ మందులు వాడేవారు

ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి సైకిలు తొక్కేటప్పుడు షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. వణుకు, చెమట, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు కనిపిస్తే వెంటనే దిగి మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర తీసుకోవాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తీసుకోవాలి. తగ్గాక రొట్టెనో బిస్కెట్లో తినాలి. దూరం తొక్కిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చని ఇంట్లో ఆడవారు గుర్తుంచుకోండి. ఆ రాత్రి పడుకోబోయేముందు షుగరు చూడండి. మోతాదు మార్చడం మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులతో తొక్కవద్దు, ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి.

అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవారికి గుండెవేగం పెరగదు, తొందరగా అలసట వస్తుంది. షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు కూడా ఈ మందులతో తెలియకపోవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వాడేవారికి ఎండలో నీరు తొందరగా తగ్గుతుంది. మందు తమంతట తామే మానేసి బయలుదేరడం ఇంకా తప్పు.

కిందపడితే, కుక్క కరిస్తే

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, వాంతి అయినా, మత్తుగా ఉన్నా, చెవి ముక్కులనుంచి రక్తం గానీ నీరు గానీ కారినా ఆసుపత్రికి తేవలసిందే. మెడ నొప్పి అంటే కదిలించకండి, లేపి కూర్చోబెట్టకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగవద్దు. బాగానే ఉన్నట్టు కనిపించినా మొదటి 24 గంటలు ఒంటరిగా వదలవద్దు. హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకున్నట్టు తగిలితే పైకి చిన్న మచ్చే కనిపిస్తుంది, లోపల కాలేయం, ప్లీహం చిట్లి ఉండవచ్చు. పిల్లల్లో ఇది మరీ ముఖ్యం. పొట్టనొప్పి పెరుగుతున్నా, ముఖం పాలిపోయినా వెంటనే తీసుకురండి.

గీరుకుపోయిన గాయాన్ని నీళ్ళతో ధారగా కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. బూడిద, కాఫీపొడి, పసుపు నింపవద్దు. వాటిని తీయడానికి మేము పడే అవస్థ, రోగి పడే నొప్పి ఆ గాయం కన్నా ఎక్కువ. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో చెప్పండి.

పల్లెల పొలిమేరల్లో కుక్కలు సైకిలు వెంటపడతాయి. వేగం పెంచితే ఇంకా తరుముతాయి. ఆగి దిగి, సైకిలును కుక్కకు మనకు మధ్య ఉంచి నడవడం మేలు. కరిచినా, గోరు గీరినా సబ్బుతో ధారనీటి కింద పావుగంట కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టవద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి.

దారిలో ఎవరైనా సైకిలువారు పడి ఉంటే సాయం చేయడానికి జంకవద్దు. సాయం చేసినవారిపై కేసు పెట్టకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇస్తుంది. తెచ్చినవారు తమ పేరు చెప్పకపోయినా ఎవరూ బలవంతపెట్టకూడదు. 108 గానీ 112 గానీ పిలవండి. జాతీయ రహదారి మీదయితే 1033 కూడా ఉంది.

ఇంట్లో ఉండేవారి వంతు

పోయేవారు ఒక చీటీ ఇంట్లో పెట్టి పోవాలి. ఏ దారిన పోతున్నారు, ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరతారు, ఎక్కడనుంచి ఫోన్ చేస్తారు, వెంట ఎవరున్నారు. రెండో చీటీ వారి జేబులో, ప్లాస్టిక్ కవరులో: పేరు, ఇంటి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు. ఫోన్‌కు లాక్ ఉంటుంది, చీటీకి ఉండదు. స్పృహలేని మనిషిని 108లో దించినప్పుడు మేము మొదట వెతికేది ఆ జేబే.

చెప్పిన సమయానికి ఫోన్ రాకపోతే అరగంట ఆగి మీరే చేయండి. అడవి దారి అయితే ఎంతసేపు ఆగాలో ముందే మాట్లాడుకోండి. గంట దాటినా జాడ లేకపోతే వెంట ఉన్నవారికి, చివరగా ఫోన్ చేసిన ఊళ్ళో తెలిసినవారికి చేయండి. అప్పటికీ తెలియకపోతే 112కు చెప్పండి.

తిరిగి వచ్చాక ఒళ్ళునొప్పులు మామూలే. రెండు రోజుల్లో తగ్గుతాయి. నొప్పి రాకుండా ముందే డైక్లోఫెనాక్ మాత్ర మింగి పోయేవారున్నారు. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆ రోజు వాటి జోలికి పోవద్దు. వచ్చినవారిని "మూత్రం ఏ రంగులో వచ్చింది?" అని మొహమాటపడకుండా అడగండి. లేత పసుపు అయితే సరే. ముదురు పసుపు అయితే ఇంకా నీళ్ళు, ఓఆర్ఎస్ ఇవ్వండి. డికాక్షన్ రంగులో వచ్చి తొడలు గట్టిగా వాచి నొప్పిగా ఉంటే కండరాలు దెబ్బతిన్నాయన్నమాట. పొద్దున చూద్దామనుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి. ఆరేడు గంటలుగా మూత్రమే రాకపోయినా అంతే.